బొంత కుట్టే మిషను కొనబోయే ముందు

మిషను కొనడానికి వెళ్లేటప్పుడు డబ్బుతో పాటు ఒక చిన్న మూట కూడా పట్టుకెళ్లండి. పాత నూలు చీర ముక్క నాలుగు మడతలది ఒకటి, పాత జీన్స్ కాలి ముక్క ఒకటి. అంగడివాళ్లు తమ దగ్గరున్న పలుచని గుడ్డ మీద కుట్టి చూపిస్తారు. దాని మీద ఏ మిషనైనా ముత్యాల్లాంటి కుట్లే వేస్తుంది. మీ మూట విప్పాకే దాని బలమెంతో తెలుస్తుంది.

నేను రాయదుర్గంలో పదకొండేళ్లు జీన్స్ ప్యాంట్లకు జేబులు కుట్టాను. ఇప్పుడు అనంతపురం పాతూరులో ఇంటిపట్టునే బొంతలు, సంచులు కుడుతున్నాను. అలవాటైన చేయి కదా అని మొదట పవర్ మిషనే కొనబోయాను. కాలు ఆనిస్తే చాలు, పరుగు తీస్తుంది అది. జేబులకు ఆ పరుగు కావాలి గానీ, పొరలు జారకుండా నడపాల్సిన బొంతకు ఎందుకు?

ఇంతలో మా కోడలు ఆన్‌లైన్‌లో ఒక తెల్లని చిన్న మిషను తెప్పించింది. ఇరవైనాలుగు రకాల కుట్లట! నాలుగో పొర దగ్గర మూలిగి ఆగిపోయింది. ఇప్పుడు మనవరాలి బొమ్మలకు గౌన్లు కుడుతోంది.

బొంతకు కావలసింది నేరుగా పోయే ఒక్క కుట్టే. అందుకు ఇనుప ఒళ్లున్న నల్లని తొక్కుడు మిషను చాలు. కరెంటు పోయినా ఆగదు, కావాలంటే తర్వాత మోటారు బిగించుకోవచ్చు. గుడ్డ పూలు కత్తిరించి అతికించే సరదా ఉంటే మాత్రం అటూ ఇటూ వంకరగా పోయే జిగ్‌జాగ్ కుట్టు ఉన్నది తీసుకోండి. గుడ్డను ముందుకు లాగే పళ్లు కిందికి దిగుతాయా, పై పొరను కూడా కలిపి నడిపించే వాకింగ్ ఫుట్ దానికి దొరుకుతుందా అని అడగండి. పళ్లు దిగితే, గుడ్డను గట్టిగా నొక్కని డార్నింగ్ ఫుట్ బిగించి గుడ్డను చేత్తో తిప్పుతూ ముగ్గులాగా కుట్టవచ్చు.

చాలామంది చూడని కొలత ఒకటుంది: సూదికీ కుడివైపు స్తంభానికీ మధ్య జాగా. ఇంటి మిషన్లలో అది మామూలుగా ఆరేడు అంగుళాలు. ఇద్దరు కప్పుకునే బొంతలో సగం చుట్టగా చుట్టుకుని ఆ సందులోంచే దూరాలి. అంగుళం ఎక్కువున్నా చేతులకు ఎంతో సుఖం.

పాత మిషనైతే దారం ఎక్కించకముందే చక్రాన్ని చేత్తో తిప్పండి. ఎక్కడైనా పట్టుకుంటోందంటే లోపల తుప్పో, అరుగుదలో ఉన్నట్టు. అడుగు దారం చుట్టే బాబిన్లు ఊళ్లో దొరికే రకమో కాదో కనుక్కోండి.

కుట్టే ముందు చీరలన్నీ ఉతికి గంజి వదిలించాలి. ఇది నా ఇంట్లో చట్టం. ఉతకనివి తర్వాత ఒక్కొక్కటి ఒక్కో తీరుగా కుంచించుకుపోయి బొంత ముడతలు పడుతుంది. పొరలు పరిచి జానెడు దూరాన చేత్తో కచ్చా కుట్లు వేసి, మిషను మీద నడిమి నుంచి అంచులకు పోవాలి. నూలు పొరలకు 16 నంబరు సూది, జీన్స్‌కు 18, పట్టు ముక్కలకు 11. కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు. అడుగున దారం ఉచ్చులు పడితే అందరూ బాబిన్‌ను తిడతారు. తప్పు చాలాసార్లు పైదారానిదే. గుడ్డను నొక్కిపట్టే మిషను పాదం పైకెత్తి మళ్లీ మొదటినుంచి ఎక్కించండి.

మన ఊరి దుమ్ము సంగతి తెలిసిందే. పని కాగానే బ్రష్‌తో పళ్ల కింది నూగు తీసి, మిషను మీద గుడ్డ కప్పండి. మిషను నూనె తప్ప మరొకటి పోయవద్దు. కొబ్బరినూనె పోసి చలికాలం పొద్దున చక్రం కదలక నా దగ్గరికి పరుగెత్తుకొచ్చిన వాళ్లున్నారు.

మొన్న టవర్ క్లాక్ వైపు నుంచి ఒకావిడ పోయిన వాళ్లమ్మ చీరలు ఆరు తెచ్చింది. "ఉతకవద్దక్కా, అమ్మ వాసన పోతుంది" అంది. నా చట్టం చెప్పాను. ఆమె సరేనంది గానీ మూట వదల్లేదు. ఐదు ఉతికాను. బాగా మెత్తబడి, గంజి ఎప్పుడో మరిచిపోయిన ఆరోదాన్ని అలాగే మధ్య పొరగా పరిచి కుట్టాను.