ట్రాలీ ఫ్రేమ్ వంకర తీసిన కథ

పవర్ టిల్లర్ వెనక తగిలించుకునే చిన్న ట్రాలీ నేనే చేద్దామని దిగాను. వెల్డింగ్ నాకు కొత్త. 50 ఎంఎం యాంగ్లర్ (L ఆకారపు ఇనుప బద్ద), ఇన్వర్టర్ వెల్డింగ్ మెషీన్, 3.15 ఎంఎం మందం ఉన్న 6013 రకం వెల్డింగ్ రాడ్లు తెచ్చుకున్నాను.

మొదటి రోజే తప్పు చేశాను. ఒక మూల పూర్తిగా అతికేసి, ఆ తర్వాత రెండోది పట్టుకున్నాను. సాయంత్రం ఫ్రేమును గచ్చు మీద పెడితే ఒక మూల వేలు దూరేంత లేచి ఉంది. టేపుతో ఐమూలగా కొలిస్తే ఒకవైపు 14 ఎంఎం ఎక్కువ! కరిగిన ఇనుము చల్లారేటప్పుడు కుంచించుకుంటూ పక్కదాన్ని లాగేస్తుందని అప్పుడు తెలిసొచ్చింది.

గ్రైండర్‌తో రెండు అతుకులు కోసేశాను. (ఆ గోలకి మా ఆవిడ తలుపేసుకుంది.) ఈసారి నాలుగు మూలలా చుక్కలు పెట్టినట్టు ట్యాకింగ్ మాత్రమే వేశాను. ఐమూల కొలతలు కలిశాకే ఇక్కడ అంగుళం, ఎదురు మూలలో అంగుళం చొప్పున నింపుకుంటూ వచ్చాను. చివరికి 2 ఎంఎం తేడా మిగిలింది. ట్రాలీకి అదేం లెక్క?

రాడ్డు ఊరికే అతుక్కుపోతుంటే కరెంటు 80 ఆంప్స్ నుంచి 110కి పెంచాను. సుత్తితో తడితే పైపొర పెంకులా ఊడి, కింద చేప పొలుసుల్లాంటి వరస కనిపించింది. ఆ సంతోషమే వేరు!

బరువు కొంత హుక్కు మీద పడాలని ఇరుసును నడిమధ్య నుంచి కాస్త వెనక్కి జరిపాను. హుక్కు అతుకు మాత్రం నేను ముట్టుకోలేదు, షాపులో చేయించాను. అది రోడ్డు మీద ఊడితే ఇంకేమైనా ఉందా!