ఘాట్‌లో పద్మిని ఆగిపోతుంటే

ఎండాకాలంలో తిరుమల ఎక్కే ఘాట్ రోడ్డు. రెండో గేరులో కాసేపు లాగాక ప్రీమియర్ పద్మిని కారు కుదుపులిచ్చి ఆగిపోయేది. అరగంట చల్లారితే మళ్లీ స్టార్ట్. స్పార్క్‌కు కరెంటిచ్చే కాయిల్ కూడా వేడికి ఇలాగే మొరాయిస్తుంది కాబట్టి ఆగిన వెంటనే ముందు స్పార్క్ చూశాను. బాగానే ఉంది. కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే పెట్రోలుకు బదులు బుడగలు వచ్చాయి. వేపర్ లాక్! కార్బురేటర్‌కు పెట్రోలు తోసే పంపు ఇంజిన్ బ్లాక్‌కే బిగించి ఉంటుంది. ఆ వేడికి పెట్రోలు ఆవిరైతే పంపు దాన్ని తోయలేదు.

పంపుకూ బ్లాక్‌కూ మధ్య వేడిని ఆపే బేకలైట్ ప్యాకింగ్ పగిలి ఉంది, మార్చాను. కొత్తది పాతదంత మందమే ఉండాలి. ఎక్కువైతే పంపును ఆడించే లివర్ స్ట్రోక్ (కదలిక) తగ్గి ఎక్కుడులో పెట్రోలు చాలదు. తక్కువైతే లివర్, డయాఫ్రమ్ (పంపు లోపలి పొర) మీద ఒత్తిడి. ఇంజిన్ నుంచి వేడి పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్కనుంచి పోయే పెట్రోలు పైపును నాలుగు వేళ్ల దూరం జరిపి, మధ్యలో అల్యూమినియం రేకు అడ్డం పెట్టాను. పాత రబ్బరు పైపులు ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఉబ్బి పగులుతాయి, వాటినీ తీసేశాను.

అసలు వేడికి మూలం రేడియేటరే. బోరు నీళ్లు పోసీ పోసీ లోపల సున్నం కట్టింది. కడిగించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోశాను.

దారిలో ఆగితే పంపు మీద తడిగుడ్డ, పది నిమిషాలు.