నైరూప్య చిత్రం నేర్చుకుందాం – 4వ పాఠం: సూర్యుడి రాత్రి ప్రయాణం

పోయిన పాఠంలో బొమ్మలు లేకుండా వట్టి గీతలతో కథ చెప్పడం సాధన చేశాం. ఈసారి రంగుల్లోకి దిగుదాం. కథ ప్రాచీన ఈజిప్టుది. సూర్యదేవుడు రా సాయంత్రం పడమట దిగిపోయి, పడవలో దువాత్ అనే చీకటి లోకం గుండా పన్నెండు గంటలు ప్రయాణిస్తాడు. తెల్లవారేసరికి మళ్లీ పుడతాడు.

ఈజిప్టు అనగానే చేయి పిరమిడ్ వైపో, హోరస్ దేవుడి కన్ను గుర్తు వైపో, డేగ తల వైపో పోతుంది. ఈ మూడూ ఇవాళ నిషిద్ధం. అవి కనిపిస్తే చూసేవాళ్లు "ఓ, ఈజిప్టా" అనుకుని ముందుకెళ్లిపోతారు. మనం వేయాల్సింది దేవుణ్ణి కాదు, ఆయన దాటిన చీకటిని.

ఇందులో మనకు దారి చూపించింది ఈజిప్షియన్లే. రాజుల లోయలో ఈజిప్టు రాజు మూడవ తుత్మోస్ సమాధి 1898లో బయటపడింది. అందులో శవపేటిక ఉన్న గదికి మూలలు గుండ్రంగా తిప్పారు. గోడల నిండా ఈ పన్నెండు గంటల కథే. పాత పపైరస్ రంగు పూత మీద నలుపు, ఎరుపు గీతలు, అగ్గిపుల్లల్లాంటి దేవతలు. దాదాపు 3,400 ఏళ్ల నాటి పని అంటే నమ్మబుద్ధి కాదు, నిన్న ఎవరో నోట్‌బుక్‌లో గీసుకున్నట్టుంటుంది.

12 × 18 అంగుళాల కాన్వాస్ బోర్డు అడ్డంగా పెట్టుకోండి. అక్రిలిక్ రంగులు ఐదు చాలు: అల్ట్రామెరైన్ బ్లూ, బర్న్ట్ అంబర్, ఎల్లో ఓకర్, ఆరెంజ్, తెలుపు. సన్నటి మాస్కింగ్ టేప్, పాత ఏటీఎం కార్డు కూడా కావాలి. నల్ల ట్యూబు వద్దు. బ్లూలో అంబర్ కలిపితే వచ్చే ముదురు రంగుకి లోతు ఉంటుంది, ట్యూబులోని నలుపు కాన్వాస్‌కి చిల్లు పడ్డట్టు కనిపిస్తుంది.

ముందు ఓకర్‌లో కాస్త తెలుపు, నీళ్లు కలిపి బోర్డంతా పల్చగా పూయండి. ఆరాక పెన్సిల్‌తో ఒకటిన్నర అంగుళం చొప్పున పన్నెండు నిలువు పట్టీలు గీయండి. ఒక్కో పట్టీ ఒక్కో గంట.

మొదటి గంట ఎక్కడ? కుడి చివర. ఈజిప్షియన్లు నైలు నది వచ్చే దక్షిణం వైపు తిరిగి దిక్కులు లెక్కపెట్టేవాళ్లు. అలా నిలబడితే పడమర కుడిచేతి వైపు వస్తుంది. వాళ్ల భాషలో కుడికీ పడమరకీ మూలం ఒకటే మాట. అందుకని మన సూర్యుడు కుడివైపు దిగి ఎడమవైపు తేలతాడు. తెలుగు చదివే కన్ను ఎడమ నుంచి కుడికి నడుస్తుంది కాబట్టి ఈ చిత్రం మనకు కొంచెం ఎదురీతలా అనిపిస్తుంది. అనిపించనివ్వండి, కథలో పడవకీ ఆ కష్టం ఉంది.

నాలుగు, ఐదు గంటల్లో నీళ్లుండవు. ఇసుకలో వంకరటింకర దారి కిందికి దిగుతుంది, పడవని తాళ్లతో లాగాలి. ఆ రెండు పట్టీల మీద టేపు ముక్కలు ఏటవాలుగా, మెట్లు విరిగినట్టు అంటించండి. తర్వాత కుడి నుంచి ముదురు రంగు మొదలుపెట్టండి: మొదటి మూడు పట్టీల్లో అడుగు పూత కనిపించేంత పల్చగా, అక్కడి నుంచి చిక్కబరుస్తూ ఆరో గంటకి పూర్తి చీకటి. రంగు పూర్తిగా ఆరకముందే టేపు లాగేయండి. ఆరనిస్తే అంచులు చిరిగిపోతాయి.

ఆరో గంట నడిరాత్రి. రా వెళ్లి, చనిపోయినవాళ్ల లోకానికి దేవుడైన ఒసిరిస్ దేహంతో కలిసేది ఇక్కడే, వెలుగు మళ్లీ రాజుకునేదీ ఇక్కడే. ఇక్కడి రంగు బాగా ఆరాక ఆరెంజ్ చుక్క ఒక్కటి పెట్టండి, కందిగింజంత. నేను మొదటిసారి తడి మీదే పెట్టి, చాలదేమోనని దిద్దీ దిద్దీ రూపాయి బిళ్ళంత బురద చేశాను. చుక్క చిన్నదైనకొద్దీ చుట్టూ ఉన్న చీకటి పెద్దదవుతుంది.

ఏడో గంటలో అపెప్ అనే మహాసర్పం నీళ్లన్నీ తాగేస్తుంది. పడవ ఇసుకలో ఆగిపోతుంది, ఐసిస్ దేవత మంత్రాలతో దాన్ని కదిలిస్తుంది. నీళ్లు లేవంటే మన కుంచెలో కూడా నీళ్లుండకూడదు. కుంచెని గుడ్డతో తుడిచి, పొడిగా, కొద్దిగా రంగుతో బరికినట్టు వేయండి. అది తడిగా ఉండగానే ఏటీఎం కార్డు అంచుతో పై నుంచి కిందికి మెలికలు తిప్పుతూ ఒక్క గీరు. పాము బొమ్మ అక్కర్లేదు, ఆ గీరే అపెప్. రెండోసారి గీరితే పోతుంది, టెన్షన్ పడకుండా ఒక్క ఊపులో లాగండి.

ఎనిమిది నుంచి పదకొండు దాకా ముదురు రంగులో ఓకర్ పెంచుకుంటూ పోతే చాలు.

చివరి గంటలో పడవ ఒక సర్పం తోకలోంచి దూరి నోట్లోంచి బయటికి వస్తుంది. పడవతో వెళ్లేవాళ్లు లోపలికి వెళ్లేటప్పుడు ముసలివాళ్లు, వచ్చేటప్పుడు పసివాళ్లు. సూర్యుడు పేడపురుగు రూపంలో, ఖెప్రిగా పుడతాడు. ఈ పట్టీలో ఓకర్, తెలుపు, పిసరంత ఆరెంజ్ కలిపి అడ్డంగా పూయండి. ఇంతవరకూ నిలువుగా నడిచిన కుంచె ఇక్కడొక్కచోటే దిశ మారుస్తుంది. ఎడమ అంచున ఒక అంగుళం మాత్రం ముట్టుకోకండి, అడుగు పూత అలాగే ఉండాలి.

ఇప్పుడు ఫోన్‌లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. ఆరో పట్టీ అన్నిటికంటే నల్లగా కనిపించాలి. ఏడో పట్టీయే నల్లగా ఉంటే ఆరో దాని మీద ఇంకో పూత వేయండి, చుక్క చుట్టూ జాగ్రత్త. వార్నిష్ వేయొద్దు, వచ్చే పాఠంలో ఇదే బోర్డు మీద ఆకాశదేవత నూత్ కోసం నీలం పూత వేయబోతున్నాం.