స్పోర్ట్స్ కారు: బేస్ మోడలా, ఎస్ మోడలా?

పోర్షే 718 కేమన్ వంటి కారును సెకండ్ హ్యాండ్‌లో కొనదలచిన వారు పవర్ అంకెలకంటే ముందు తాము రోజూ తిరిగే దారిని గుర్తుకు తెచ్చుకోవాలి. బేస్ మోడల్‌లోని 2.0 లీటర్ల టర్బో ఇంజన్ 300 హార్స్‌పవర్ ఇస్తే, ఎస్ మోడల్‌లోని 2.5 లీటర్ల ఇంజన్ 350 ఇస్తుంది. మాన్యువల్ గేర్లతో 100 కిలోమీటర్ల వేగాన్ని మొదటిది 5.1 సెకన్లలో, రెండవది 4.6 సెకన్లలో అందుకుంటుంది. షాద్‌నగర్ నుంచి జడ్చర్లకు వెళ్లే నాలుగు వరుసల జాతీయ రహదారిపై కారుకు అనుమతించిన గరిష్ఠ వేగమే 100 కాబట్టి, ఆ అర సెకను అక్కడ దేనికి పనికొస్తుందో నాకైతే తోచదు.

అసలు చూడవలసినది చక్రాలను. బేస్‌కు 18 అంగుళాల చక్రాలు, ఎస్‌కు 19 అంగుళాలవి కంపెనీ నుంచే వచ్చేవి. చక్రం పెరిగిన కొద్దీ టైరు పక్కగోడ ఎత్తు తగ్గుతుంది. వరి కోతల కాలంలో నల్గొండ పల్లెల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి అంచున రాళ్లు పేరుస్తారు. వాటిని తప్పించబోయి గుంతలో దిగితే అలాంటి టైరు పగలడమే కాక రిమ్ము కూడా వంగవచ్చు. అందుచేత రెండు కార్లనూ ఒకే రోజు, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకొని, ఊరి స్పీడ్ బ్రేకర్ల మీదుగా నడిపి చూడాలి.

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌కు తరచూ వెళ్లేవారికి ఎస్ మోడల్ తగినదే. మిగిలినవారు బేస్ తీసుకొని, మిగిలిన డబ్బును మంచి టైర్లకు, బ్రేకులకు, ఇతర రాష్ట్రపు బండి అయితే ఇక్కడ కట్టవలసిన లైఫ్ ట్యాక్స్‌కు ఉంచుకోవడం మేలు.