పూత పని పాఠాలు – 5: నీళ్లు ఎదురు రావాలి

నికెల్ పూత (ప్లేటింగ్) వేశాక జాబ్‌ను, అంటే పూత వేసే వస్తువును, కడగడానికి రెండో తొట్టి పెట్టమని పోయిన పాఠంలో చెప్పాను. అలా పెట్టినవాళ్లు రాసింది దాదాపు ఒకటే: "జాబ్ మీద మరకలు పోవడం లేదు, నీళ్లు తగ్గించలేకపోతున్నాం." ములుగు రోడ్డు వైపు రెండు షెడ్లకు స్వయంగా వెళ్లి చూశాను. రెండు చోట్లా కొత్త నీళ్ల పైపు నికెల్ తొట్టి పక్కనున్న తొట్టికే కలిపారు.

అది తప్పు. జాబ్ ఇటు నుంచి అటు పోతుంటే నీళ్లు అటు నుంచి ఇటు రావాలి. కొత్త నీళ్లు చివరి తొట్టి అడుగున పడాలి, పైకి నిండి అవతలి అంచు మీదుగా మొదటి కడుగు తొట్టిలోకి పొర్లాలి, అక్కడి నుంచి శుద్ధికి పోవాలి. అందుకే చివరి తొట్టి అంచు బెత్తెడు ఎత్తులో ఉండాలి. పైపు మొనను నీటి పైనే వదిలేస్తే కొత్త నీళ్లు పైపైనే పొర్లిపోతాయి, అడుగున మురికి అలాగే ఉంటుంది. మీరు పెట్టిన తీరులో మొదటి తొట్టి మురికే జాబ్ వెంట చివరిదాకా వస్తోంది.

లెక్క చూడండి. జాబ్‌లకు అంటుకుని గంటకు 1 లీటరు నికెల్ ద్రావణం బయటికొస్తోందనుకుందాం. దాన్ని వెయ్యో వంతుకు పలచన చేయాలంటే ఒక్క తొట్టితో గంటకు 1000 లీటర్లు కావాలి. నీళ్లు ఎదురొచ్చే రెండు తొట్లతో సుమారు 32 చాలు.

కానీ తగ్గేది నీళ్లే. ఆ నీళ్లను శుద్ధి చేశాక మిగిలే మడ్డిలోని నికెల్ అంతే ఉంటుంది, ఎందుకంటే అది తొట్టి నుంచి కారిపోయిన ద్రావణమే. దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రం దాకా లారీలో పంపాల్సిన ఆ బరువు తగ్గాలంటే ద్రావణాన్ని నికెల్ తొట్టి మీదే కారనివ్వాలి. గ్లవ్స్, కళ్లద్దాల సంగతి మళ్లీ చెప్పను.

తొట్టి మీద అడ్డంగా పీవీసీ పైపు కట్టి, జాబ్‌లు వేలాడే ర్యాక్ తగిలించి, పది అంకెలు లెక్కపెట్టండి. చేత్తో పట్టుకుంటే భుజం లాగి మూడో అంకెకే దించేస్తారు. జాబ్ మూల కిందికి ఉండాలి. టైమర్ బెల్ కంటే నోటి లెక్కే నాకు నచ్చుతుంది. నికెల్ మీద క్రోమ్ పూత కూడా వేస్తుంటే ఆ క్రోమ్ చుక్కలు మాత్రం నికెల్ తొట్టిలో పడనివ్వకండి, పూత పాడవుతుంది.

అభ్యాసం: మామూలు నీళ్లలో ఒకే ర్యాక్‌ను 20 సార్లు ముంచి, వెంటనే ఖాళీ బకెట్ మీదికి తెచ్చి కారిన నీళ్లు కొలవండి. తర్వాత తొట్టి మీదే పది అంకెలు ఆగి, మళ్లీ 20 సార్లు. రెండు కొలతలూ మూడు రోజులు రాయండి. జాబ్ బొమ్మ కూడా గీసి పంపండి, గుంటలున్న జాబ్‌లు ఆరో పాఠంలో.