సైటు ఇంజినీరు రేటు లెక్కలు – 4వ పాఠం: ప్రయాణ ఖర్చులు కలిపి రోజు రేటు చెప్పడం

మన ఊళ్లోనే ఉండి, సాయంత్రానికి ఇల్లు చేరగలిగే పనికి రోజుకు ఎంత తీసుకోవాలో గత పాఠంలో తేల్చుకున్నాం. మన ఉదాహరణలోని ఇంజినీరుకు ఆ మూల రుసుము 9,000 రూపాయలుగా వచ్చింది. ఆయన హైదరాబాదులో ఉంటూ పీఎల్‌సీ (కర్మాగారంలో యంత్రాలను నడిపే చిన్న కంప్యూటరు) ప్రోగ్రామింగ్, కమిషనింగ్ (కొత్త యంత్రాలను పరీక్షించి నడకలోకి తేవడం) పనులు స్వతంత్రంగా చేస్తున్నారు. ఇప్పుడు విశాఖపట్నం దగ్గర పరవాడ ఫార్మాసిటీలోని ఒక కర్మాగారం నుంచి పిలుపు వచ్చిందనుకుందాం. పర్చేజ్ విభాగం వారు ఫోనులో చెప్పే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఇదే: “టీఏ, డీఏ బిల్లులు మాకు వద్దండీ. అన్నీ కలిపి రోజుకు ఒక్క రేటు చెప్పేయండి.”

ఈ కోరికలో తప్పేమీ లేదు. టికెట్లు, హోటలు రసీదులు, ఆటో చీటీలు ఒక్కొక్కటే సరిచూసి ఆమోదం తీసుకోవడం వారికి నిజంగానే శ్రమ. అయితే ఆ ఫోనులోనే ఒక అంకె చెప్పేయడం మాత్రం తప్పు. ఎందుకంటే ఖర్చులన్నీ ఒకే తీరున పెరగవు: బస, భోజనం రోజుల లెక్కన పెరుగుతాయి; రైలు చార్జీ, రెండు చివర్ల క్యాబులు, ప్రయాణంలో పోయే సమయం ట్రిప్పుల లెక్కన పెరుగుతాయి. రోజు రేటులో ఈ రెండింటినీ కలిపినప్పుడు, ఒక్కో ట్రిప్పుకు ఎన్ని రోజుల పని ఉంటుందో తెలియకుండా ఆ రేటుకు అర్థమే లేదు.

అంకెలు వేసి చూద్దాం. ఇవి లెక్క నేర్చుకోవడానికి వేసుకున్నవి కాబట్టి మీ ధరలు మీరు వేసుకోండి. రానుపోను రైలుకు 3,600, ఇంటి నుంచి స్టేషనుకు, స్టేషను నుంచి బసకు, తిరిగి అదే దారిన క్యాబులకు 2,400. ఇక సమయం. సికింద్రాబాదు నుంచి విశాఖకు వందే భారత్‌లో వెళ్లినా సుమారు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణం రాత్రి రైలులో చేసినా మరునాడు ఒక పూట వేరే పనికి పనికిరాదు. అందుకని వెళ్లడానికి అర రోజు, రావడానికి అర రోజు చొప్పున ఒక మూల రుసుము, అంటే 9,000, ఇందులో చేర్చాలి. చాలామంది దీన్ని వదిలేస్తారు. నా అనుభవంలో నష్టమంతా ఇక్కడే మొదలవుతుంది. ఈ మూడూ కలిపితే ట్రిప్పుకు 15,000.

రోజువారీ ఖర్చులో హోటలు గదికి 2,300, భోజనాలకు 700, మూల రుసుముతో కలిపి రోజుకు 12,000. బస నుంచి సైటుకు వాహనం కంపెనీదే అనుకుందాం. అయితే రేటు ఎంత? రోజుకు 12,000, దానికి తోడు 15,000ను ట్రిప్పులోని పని రోజులతో భాగిస్తే వచ్చే మొత్తం. పది రోజుల ట్రిప్పుకు 13,500, అయిదు రోజులకు 15,000, మూడు రోజులకు 17,000, ఒక్క రోజుకే పిలిస్తే 27,000.

నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో పది రోజుల పని అని విని, పది రోజుల లెక్కన రేటు ఒప్పుకున్నాను. పది రోజులూ ఒకే విడతలో ఉంటాయని మాత్రం పర్చేజ్ ఆర్డరులో రాయించలేదు. నాలుగు రోజుల పని అయ్యాక, ఇంకా కేబుళ్లు లాగలేదని పంపేశారు. తర్వాత మూడు రోజులకు, ఆపైన రెండు రోజులకు, చివరికి ట్రయల్ రన్ కోసం ఒక్క రోజుకు పిలిచారు. నాటి నా అంకెల స్థానంలో పై అంకెలే పెట్టి చూస్తే, బిల్లు 1,35,000 దగ్గరే ఉండిపోతుంది. బస, భోజనాలకు 30,000 పోగా, రైళ్లకు, క్యాబులకు 6,000 అవ్వాల్సింది 24,000 అవుతుంది. చేతిలో 99,000కు బదులు 81,000 మిగులుతుంది. దానికి తోడు మూడు అదనపు ట్రిప్పుల్లో మూడు రోజులు, అంటే 27,000 విలువైన సమయం రైళ్లలో కరిగిపోతుంది. మొత్తం నష్టం 45,000, సరిగ్గా అయిదు రోజుల రుసుము. కంపెనీ నన్ను మోసం చేయలేదు. ఆర్డరులో రాసిన ప్రకారమే చెల్లించింది.

కాబట్టి ఫోనులో చెప్పాల్సిన జవాబు ఇలా ఉండాలి: “అలాగేనండీ, ఒక్క రేటే చెప్తాను. ఒక్కో విడతలో ఎన్ని రోజుల పని ఉంటుందో సైటు వాళ్లను అడిగి చెప్పండి.” వారు పది రోజులంటే, “అయితే రోజుకు 13,500. విడతకు కనీసం పది రోజుల పని ఉంటేనే ఈ రేటు. తక్కువ రోజులకు పిలిస్తే వేరే రేటు, అది కూడా కొటేషనులో రాసి పంపుతాను” అనండి. మూడు, అయిదు, పది రోజుల రేట్లు మూడూ ఒకే కాగితం మీద పెడితే బేరం సగం అక్కడే తేలిపోతుంది. సైటు వాళ్లు పనులను ఒకచోటికి చేర్చి పిలవడం మొదలుపెడతారు. మీరు సైటుకు చేరాక కరెంటు రాలేదనో, ప్యానెల్ సిద్ధం కాలేదనో ఖాళీగా కూర్చోబెట్టిన రోజు కూడా పని రోజుగానే బిల్లు అవుతుందన్న వాక్యం ఆ కొటేషనులో తప్పకుండా ఉండాలి.

తర్వాత వారు “12,000 చేసుకోండి” అంటారు. ఇక్కడ ఓపిక కావాలి. మూల రుసుమును ముట్టుకోకుండా, మీరు మోస్తున్న ఖర్చుల్లో ఒకదాన్ని వారి వైపు జరపండి. “మీ గెస్ట్‌హౌస్‌లో గది ఇస్తే 2,300 తగ్గిస్తాను, 11,200కే వస్తాను” అంటే వారు అడిగినదానికంటే తక్కువకే ఒప్పుకున్నట్టవుతుంది, మీ జేబులోంచి మాత్రం రూపాయి పోదు. క్యాంటీను భోజనం, వారే కొనిచ్చే టికెట్లు కూడా ఇలాగే బేరానికి పనికొస్తాయి. కారణం లేకుండా వెయ్యి తగ్గిస్తే మొదటి అంకె పెంచి చెప్పినదేనని అవతలివారికి అర్థమవుతుంది. తర్వాతి ఆర్డరుకు బేరం అక్కడి నుంచే మొదలవుతుంది.

పన్నుల సంగతి క్లుప్తంగా చెబుతాను. కలిపిన రేటులో ప్రయాణ ఖర్చు కూడా మీ సేవ విలువలో భాగమే. జీఎస్టీ నమోదు ఉంటే మొత్తం బిల్లు మీద 18 శాతం వేయాలి. లేకపోతే నమోదుకు హద్దైన 20 లక్షల టర్నోవరులోకి ఈ ఖర్చులూ చేరతాయి. విశాఖ హోటలు వేసే పన్ను ఆంధ్రప్రదేశ్‌కు చెందినది కనుక, తెలంగాణలో నమోదైన మీకు దాని క్రెడిట్ రాదు, అంటే మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి దాన్ని తగ్గించుకోలేరు. గది ధరను పన్నుతో సహా లెక్కలోకి తీసుకోండి. టీడీఎస్ (చెల్లించేటప్పుడే కంపెనీ మీ పేరున కోసి కట్టే ఆదాయపు పన్ను) కూడా ఖర్చులు కలిసిన మొత్తం రేటు మీదే కోస్తారు. మీ పనిని వృత్తి సేవగా చూసి 10 శాతం కోస్తే 1,35,000లో 13,500 ఆగుతుంది. అందులో 3,600 మీరు బస, భోజనాలు, రైలు, క్యాబులకు అప్పటికే ఖర్చుపెట్టిన 36,000 మీద కోసినది. రిటర్ను వేసేటప్పుడు మీ పన్నులో సర్దుబాటు అయినా, అప్పటిదాకా మీ చేతికి రాదు. కంపెనీయే టికెట్లు కొని, గది బుక్ చేయడం మంచిదనడానికి ఇది మరో కారణం.

అభ్యాసం: ఇదే ఇంజినీరుకు మరో కంపెనీ రెండు విడతలుగా, విడతకు మూడు రోజుల చొప్పున పని ఇస్తూ, గెస్ట్‌హౌస్, క్యాంటీను తామే చూసుకుంటామంటోంది. కలిపిన రోజు రేటు ఎంత చెప్పాలి? వారు 12,000 దాటి ఇవ్వలేమంటే, మూల రుసుము చెక్కుచెదరకుండా ఆ అంకెకు రావడానికి ఏయే ఖర్చులను వారి వైపు జరపాలి? కాగితం మీద వేసి ఉంచుకోండి. జవాబుతో వచ్చే పాఠం మొదలుపెట్టి, ఈ షరతులను కొటేషనులో ఏ మాటలతో రాయాలో చూద్దాం.