కాయిన్స్ కలెక్ట్ చేసే పిల్లోడు హఠాత్తుగా పోతే ఆ కలెక్షన్‌ని ఏం చెయ్యాలి, వాణ్ణి ఎట్లా గుర్తుంచుకోవాలి

మా హైదరాబాద్ కాయిన్స్ దోస్తుల్లో ఒక పిల్లోడు ఈమధ్యనే పోయిండు, చదువైపోయి ఉద్యోగంల చేరిండు అంతే, జబ్బు లేదు ఏం లేదు. వాళ్లింట్ల ఆ ఆల్బమ్‌లు, డబ్బాలు సర్దడానికి మేం కొందరం కూసున్నం. అప్పుడు తెలిసినవన్నీ ఇక్కడ రాస్తున్న, ఇంకో ఇంట్ల ఇట్లాంటిది జరిగితే వాళ్లకు పనికొస్తదని. వయసు మీద పడ్డ కలెక్టర్లు ఎవరికో ఒకరికి చెప్పుకుంటరు, లిస్ట్ రాసి పెడతరు, ఇరవైల్లో ఉన్నోడు ఎందుకు రాస్తడు, ఏ కాయిన్ ఎందుకు కొన్నడో ఎక్కడ దొరికిందో అంతా వాని తలకాయలనే ఉంటది. వాడు పోయినంక మిగిలేది వాడు పెట్టిన వరుస, వాడు రాసిన చిన్న చిన్న చీటీలు. కాయిన్ ఇంకోటి దొరుకుతది, ఆ వరుస మళ్లీ దొరకదు, అందుకే నేను చెప్పేదంతా దాన్ని కాపాడుకునుడు గురించే.

మొట్టమొదటి పని, దినాలు అయ్యేదాకా ఆ రూము, ఆ బీరువా తాళం వేసి తాళంచెవి ఇంట్ల ఒక్క మనిషి దగ్గర పెట్టండి. ఎవరి మీదో అనుమానంతో చెప్తలేను. మన దిక్కు అంతిమయాత్రల పేలాలతో పాటు పైసలు చల్లుతరు కదా, ఆ హడావిడిల ఎవరో ఒకరు 'చిల్లర కావాలె' అంటరు, ఇంకెవరో 'వాని డబ్బాల మస్తు చిల్లర ఉంటది చూడు' అంటరు, ఆ చిల్లరల 1943 నుంచి 1947 దాకా వచ్చిన చిల్లి కాణీలు, నయా పైసలు, వాడు ఏండ్ల తరబడి ఏరుకున్న రుపాయి బిళ్లలు ఉండొచ్చు. అట్లనే పదకొండో రోజు చుట్టాల పిల్లలకు గుర్తుగా తలా ఒకటి పంచుదామన్న ఆలోచన వస్తది, ప్రేమతోనే వస్తది, కానీ అప్పుడే వద్దు. పంచాలంటే తర్వాత పంచొచ్చు, డూప్లికేట్స్ (అంటే నకిలీలు కాదు, ఒకటే రకంవి రెండోవి) ఏవో తెలిసినంక.

రెండోది కడుగుడు గురించి, దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే చాలా ఇండ్లల్ల జరిగే నష్టం ఇదే. తల్లి మనసు, కొడుకు ఫోటోకు దండ వేసి వానికి ఇష్టమైన బిళ్లలు ముందల పెట్టాలనుకుంటది, నల్లగా ఉన్నయి కదా అని చింతపండుతోనో పీతాంబరితోనో తోముతది. వద్దమ్మా. ఆ నలుపు మురికి కాదు, వెండి మీద రాగి మీద ఏండ్లకేండ్లు పట్టిన పొర, కలెక్టర్లు చూసేదే దాన్ని, ఒక్కసారి తోమితే ఆ పొర పోయి గీతలు పడతయి, మళ్లీ రాదు. ఫోటో ముందు పెట్టాలనిపిస్తే డూప్లికేట్ ఒకటి తీసుకోండి, లేకపోతే ప్లాస్టిక్ క్యాప్సూల్‌లో ఉన్నది ఉన్నట్టే పెట్టండి, పసుపు కుంకుమ క్యాప్సూల్ మీద పడితే తుడుచుకోవచ్చు. కాయిన్ పట్టుకునేటప్పుడు అంచుల దగ్గరే పట్టుకోండి, వేలిముద్ర కూడా కొన్నాళ్లకు మచ్చ అయితది. ఒకవేళ మెత్తటి ప్లాస్టిక్ కవర్లల పెట్టి ఉంటే, బిళ్ల మీద ఆకుపచ్చగా జిగురులాగ కనపడితే, అది ఆ ప్లాస్టిక్‌లో ఉండే పీవీసీ వల్ల వస్తది, మీరు గోకకండి, తెలిసినోళ్లకు చూపించండి, స్వచ్ఛమైన అసిటోన్‌తో తీస్తరు. నెయిల్ పాలిష్ తీసేది మాత్రం వాడొద్దు, అందుల వేరేవి కలుస్తయి. రబ్బర్ బ్యాండ్లు ఉంటే తీసెయ్యండి, రబ్బర్‌లో గంధకం ఉంటది, వెండిని నల్లగ చేస్తది. శాతవాహనుల సీసం బిళ్లలు ఉంటే, మన దిక్కు కోటిలింగాల, పెద్దబంకూరు, కొండాపూర్‌లో దొరికిన రకం, చెక్క డబ్బాల ఉంచితే మెల్లమెల్లగా తెల్లటి పొడి రాలుతది, చెక్క నుంచి వేరే చెయ్యండి, ముట్టుకున్నంక చేతులు కడుక్కోండి.

ఫోన్ సంగతి చాలామంది మర్చిపోతరు. వాని సిమ్ వెంటనే తీసెయ్యకండి, రీఛార్జ్ చేసి ఉంచండి. ప్రీపెయిడ్ నంబర్ 90 రోజులు వాడకపోతే కంపెనీ ఆపేయొచ్చు, వాట్సాప్ అకౌంట్ కూడా 120 రోజులు కదలకపోతే పోతది, అండ్ల ఉన్న చాట్లలో ఏ కాయిన్ ఎవరి దగ్గర ఎంతకు కొన్నడో, ఎవరికి అరువిచ్చిండో, ఎవరి దగ్గర అడ్వాన్స్ కట్టిండో అన్నీ ఉంటయి. ఆన్‌లైన్ ఆర్డర్లకు, మెయిల్‌కు ఓటీపీ ఆ నంబర్‌కే వస్తది. వాని పర్సనల్ ముచ్చట్లు చదవాల్సిన అవసరం లేదు, కాయిన్స్ గ్రూపులు, డీలర్ల చాట్లు వరకు చూసి ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి, గ్యాలరీల కాయిన్ ఫోటోలు వేరే ఫోల్డర్‌లకు మార్చండి. ఈ పని వాని ఈడు దోస్తుకు అప్పజెప్తే మంచిది, పక్కన తమ్ముడో చెల్లెనో కూసోవాలె.

ఇప్పుడు లిస్ట్. ఒక పేజీ కూడా కదిలించకముందే ఆల్బమ్ మొత్తం పేజీ పేజీ ఫోటో తియ్యండి, ఆ వరుస రికార్డు అయిపోవాలె. తర్వాతనే ఒక్కొక్కటి. కిటికీ పక్కన పగటి వెలుతురుల, ఫ్లాష్ లేకుండ, రెండు దిక్కులా, దాంతో పాటు వాడు రాసిన చీటీ కూడా ఫ్రేములో పడేటట్టు. పొరపాటున కూడా చీటీలు మార్చి కొత్తవి రాయకండి, అక్షరం గజిబిజిగా ఉన్నా, ధర తప్పు రాసినా అట్లనే ఉంచండి, మీ నంబర్ వేరే స్టిక్కర్ మీద వేసి కవర్ మీద అతికించండి. మా పిల్లోడు ఒక్కో కాయిన్ పెట్టుకున్న హోల్డర్ల (చిన్న కవర్ల) మీద మూలకు సన్నగా 'ఆబిడ్స్, వాన' అని, 'జుమ్మెరాత్ బజార్, బేరం ఆడలే' అని, 'తాత ఇచ్చిండు' అని రాసి ఉన్నయి, ఆ బిళ్ల ఎక్కడ, ఎట్లా దొరికిందో వాడు పెట్టుకున్న గుర్తు అది. వాళ్లమ్మ అవి చదువుకుంట 'గీ రాగి బిళ్ల కోసం వానల పోయిండా బిడ్డా' అని నన్ను అడిగింది, నాకు నోట మాట రాలే. ఆ బిళ్ల ధర వంద రూపాయలు కూడా ఉండదు. కానీ వాడు ఆదివారం పూట ఏం చేసేటోడో ఇంట్లోళ్లకు తెలిసింది ఆ చీటీలతోనే.

కాయిన్స్ తెలీనోళ్లు లిస్ట్ రాసేటప్పుడు ఎక్కువ తికమక పడేది నిజాం బిళ్లల దగ్గర. చార్మినార్ బొమ్మ ఉంటే గుర్తుపట్టడం సులువే, నడిమిట్ల కమాన్‌లో ఉర్దూ అక్షరం ఉంటది, మీమ్ ఉంటే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్, ఐన్ ఉంటే ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్. దాని మీద సంవత్సరం హిజ్రీ లెక్కలో ఉర్దూ అంకెలతో ఉంటది, ఉర్దూ వచ్చిన పక్కింటి చాచాతో చదివించుకుంటే 1330 అంటడు, వెంటనే 'ఏడు వందల ఏండ్ల నాటిది' అని ఇంట్ల ఆశ మొదలయితది. 1330 హిజ్రీ అంటే 1911-12. హాలీ సిక్కా రుపాయి, అంటే నిజాం సొంత రుపాయి, దాదాపు 11.18 గ్రాములు తూగుతది, నూటికి 81.8 వంతులు వెండి, అదే బ్రిటిష్ ఇండియా పాత రుపాయి 11.66 గ్రాములు, దాంట్ల 91.7 వంతులు, 1940 నుంచి 1945 దాకా సగం వెండే. పాయింట్ తర్వాత రెండంకెలు చూపించే చిన్న వెయింగ్ మెషీన్ ఒకటి తెచ్చుకుంటే నకిలీలు కూడా చాలావరకు అక్కడ్నే బయటపడతయి. ఈ తూకం చూసి కంసాలి దగ్గరకు మాత్రం తీసుకపోకండి, అక్కడ అది వెండి ముద్దే.

ఒకే సంవత్సరం ఒక రుపాయి బిళ్లలు నాలుగు ఉంటే డూప్లికేట్స్ అనుకోకండి. సంవత్సరం కింద నక్షత్రం గుర్తు ఉంటే మన హైదరాబాద్ మింట్ (నాణేలు తయారు చేసే టంకశాల), డైమండ్ ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏం లేకపోతే కలకత్తా. మా పిల్లోడు నక్షత్రం సెట్ కడుతుండె, ప్రతి సంవత్సరం ఒకటి, మధ్యల ఖాళీ జేబులు అట్లనే వదిలిపెట్టిండు, చూస్తే పిచ్చి చిల్లరలాగ ఉంటది, కానీ వాడు అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పెట్టింది దాని మీదనే.

డబ్బు, హక్కుల సంగతి కూడా ఖుల్లాగా మాట్లాడుకోవాలె. పెండ్లి కాని హిందూ అబ్బాయి వీలునామా రాయకుండ పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం మొదటి వరుస వారసురాలు తల్లి, తండ్రి రెండో వరుసల వస్తడు, అంటే కలెక్షన్ అమ్మాలన్నా ఇయ్యాలన్నా అమ్మ మాట ముందు కావాలె. బాబాయిలు, దోస్తులు ఎంత మంచోళ్లయినా ఆమెను అడగకుండ ఒక్కటి కూడా కదల్చొద్దు. ముస్లిం కుటుంబాలకు లెక్క వేరే ఉంటది, వాళ్ల పెద్దలను అడగండి. ఆల్బమ్‌ల రద్దయిన పాత 500, 1000 నోట్లు ఉంటే లెక్కపెట్టండి, 2017 చట్టం ప్రకారం మామూలుగా పదికి మించి ఉండొద్దు, కలెక్షన్ కోసమైతే 25 దాకా ఉండొచ్చు. వంద ఏండ్లు దాటిన బిళ్లలను అమెరికాల ఉన్న అన్నకు గుర్తుగా పంపిద్దామనుకుంటరు, 1972 పురావస్తువుల చట్టం ఉంది, అట్లా దేశం దాటించుడు కుదరదు. అన్నకు ఫోటోల ఆల్బమ్ పంపండి.

కబురు బయటకు పోయినంక ఫోన్లు మొదలయితయి. 'మీ వాడు నాకు అమ్ముతా అన్నడు' అని కొందరు, 'వైష్ణోదేవి బొమ్మ ఉన్న బిళ్లకు లక్షలు ఇప్పిస్తం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి' అని కొందరు. రెండోది పచ్చి మోసం, రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టుల వీటి గురించి జనానికి హెచ్చరిక ఇచ్చింది. మొదటోళ్లల్ల నిజం చెప్పేటోళ్లు ఉండొచ్చు, చాట్ చూపించమనండి, సంవత్సరీకం అయ్యేదాకా ఏదీ అమ్మం అని చెప్పండి, నిజమైన కలెక్టర్ ఆగుతడు. అమ్మక తప్పని పరిస్థితి ఉంటే ఒక్క డీలర్ మాట మీద ఇయ్యకండి, ఇద్దరు ముగ్గురితో విడివిడిగా ధర చెప్పించుకోండి, వేలానికి ఇస్తే క్యాటలాగ్‌ల వాని పేరు మీద కలెక్షన్ అని వెయ్యమని అడగండి. కాయిన్స్ లోకంల ఏ బిళ్ల ఎవరి చేతుల మీదుగా వచ్చిందో గుర్తుపెట్టుకుంటరు, వాని పేరు ఆ బిళ్లతో పాటు ముందుకు పోతది. అప్పులు, అరువులు కూడా అప్పుడే తీర్చెయ్యండి, వేరేవాళ్ల బిళ్లలు వాని దగ్గర ఉంటే చాట్ చూసి తిరిగి ఇచ్చెయ్యండి, మనవి రావాల్సినవి అడగండి, మొహమాటం వద్దు.

మ్యూజియానికి ఇద్దామనే ఆలోచన మంచిదే, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంల నాణేల సేకరణ చాలా పెద్దది, కానీ మామూలు రుపాయి బిళ్లలు వాళ్లకు అక్కర్లేదు. ముందు లిస్ట్‌తో లెటర్ రాయండి, తీసుకుంటే రిజిస్టర్‌ల దాత పేరు రాస్తరా లేదా కాగితం మీద అడగండి, అన్నీ అద్దాల వెనుక పెట్టరు, చాలావరకు లోపలే ఉంటయి, అది తెలిసి ఇయ్యండి. మామూలు బిళ్లలకైతే వాడు చదివిన స్కూలు మేలు, పిల్లలు చేతుల్లోకి తీసుకుని చూస్తరు. వాని పుట్టినరోజు నాడు సైఫాబాద్‌ల ఉన్న మింట్ మ్యూజియానికి వాని తమ్ముళ్లను, గల్లీ పిల్లలను తీసుకపోండి. అక్కడ మింట్ 1903ల కట్టింది, తర్వాత పని చర్లపల్లికి మారింది, 2022ల మ్యూజియం చేసిండ్రు. వాడు చెప్పే ముచ్చట్లు ఎవరికి గుర్తున్నయో వాళ్లు అక్కడ నిలబడి చెప్పాలె, ఒకరు ఫోన్‌ల రికార్డు చెయ్యాలె.

దోస్తులు చెయ్యగలిగే పని ఇంకోటి ఉంది. వాని నక్షత్రం సెట్‌ల ఖాళీ జేబుల లిస్ట్ మేం అందరం పంచుకున్నం, సంవత్సరీకం లోపల ఎవరికి దొరికింది వాళ్లు తెచ్చి ఇస్తం. మీరు కూడా చెయ్యండి, కానీ ఒక్క జాగ్రత్త, మీరు తెచ్చినవి వాని పేజీల కలపకండి, వాని ఖాళీలు ఖాళీగానే ఉండనియ్యండి. ఆల్బమ్ వెనుక కొత్త పేజీలు వేసి, వేరే రంగు హోల్డర్లల పెట్టి, ఎవరు తెచ్చిండ్రు, ఎక్కడ దొరికింది, ఏ నెల అని ఆ తెచ్చినోళ్లతోనే రాయించండి.